వెబ్‌సైటు ధ్రువపత్రము - చూడవలసినదేమి?

ధ్రువీకరణ పొందిన విత్తనపు సంచికి నీలి చీటీ కట్టియుండును. దానిపై రకము పేరు, గడువు తేదీ, ధ్రువీకరించిన సంస్థ పేరు చూచిన పిదపనే తెలివిగల రైతు సంచి విప్పును. నేడు పి.యం. కిసాన్ నమోదు, పంటల బీమా, బ్యాంకు పనులు సెల్‌ఫోనులోనే జరుగుచున్నవి. వెబ్‌సైటులో ఆధార్, ఖాతా నంబర్లు నింపుటకు ముందు చూడవలసిన చీటీ కూడ ఒకటి కలదు. దానినే వెబ్‌సైటు ధ్రువపత్రము, లేక సర్టిఫికెట్టు అందురు.

బ్రౌజరు చేయు పరీక్ష

మీరు వెబ్‌సైటు తెరువగానే అది తన ధ్రువపత్రమును పంపును. బ్రౌజరు రెప్పపాటులో మూడు సంగతులు చూచును.

1. పత్రములోని పేరు, మీరు తెరచిన చిరునామా ఒకటేనా?

2. గడువు దాటలేదు గదా? ఈ గడువు 398 దినములకు మించరాదని 2020లో నియమము వచ్చినది. దీనిని క్రమముగా తగ్గించి, 2029 మార్చి నుండి 47 దినములు చేయుటకు 2025లో నిర్ణయించిరి.

3. సంతకము చేసిన సంస్థ నమ్మదగినదేనా? అట్టి సంస్థల జాబితా బ్రౌజరులో గాని, ఫోనులో గాని ముందే ఉండును.

మూడును సరిపోయినచో, మీకును సైటునకును నడుమ సాగు సమాచారము దారిలో ఇతరులు చదువలేని సంకేత లిపిలోనికి మారును.

2011లో నెదర్లాండ్స్‌లోని డిజినోటార్ అను ధ్రువీకరణ సంస్థ కంప్యూటర్లలో దొంగలు జొరబడి, గూగుల్ పేరిట దొంగ పత్రములు పుట్టించిరి. బ్రౌజరులు ఆ సంస్థను తమ జాబితా నుండి తొలగించినవి. ఆ యేడే అది దివాలా తీసినది. ఇట్టి మార్పులు మీ ఫోనునకు చేరవలెనన్నచో బ్రౌజరును ఎప్పటికప్పుడు అప్‌డేటు చేయవలెను.

హెచ్చరిక వచ్చినపుడు

మొదట ఫోనులోని తేదీ చూడుడు. పాత కంప్యూటరులో గడియారపు బ్యాటరీ అయిపోయినచో తేదీ వెనుకకు పోయి, మంచి పత్రము కూడ చెల్లనిదిగా కనబడును. తేదీ సరిగానే ఉన్నచో అక్కడనే ఆగుడు. హెచ్చరికను దాటి ముందుకు పోయి వివరములు నింపరాదు.

హెచ్చరిక రానంత మాత్రమున నమ్మవచ్చునా?

నమ్మరాదు. విత్తనపు చీటీ మొలక శాతమునకు, జన్యు స్వచ్ఛతకు పూచీపడును. ఈ పత్రము చిరునామాకే పూచీపడును గాని, సైటు నడుపువాని నిజాయితీకి కాదు. దీనిని ఉచితముగా ఇచ్చు సంస్థలు కూడ కలవు గనుక మోసగాడును నిమిషములలో పొందగలడు. తాళము గుర్తును చూచి జనులు పొరబడుచున్నారని, 2023లో క్రోం బ్రౌజరు చిరునామా పక్కనున్న ఆ గుర్తును తీసి వేరొకటి ఉంచినది.

కావున పేరును చివరివరకు చదువుడు. ‘పి.యం. కిసాన్’ అను మాట ముందు ఎవరైనను చేర్చుకొనవచ్చును. మొదటి ఏటవాలు గీతకు ముందున్న చివరి మాటలే ముఖ్యము. భారత ప్రభుత్వ పి.యం. కిసాన్ సైటు పేరు ‘జి.ఓ.వి. డాట్ ఐ.ఎన్.’ అని ముగియును. ఈ ముగింపు ప్రభుత్వ సంస్థలకే ఇత్తురు.

గ్రామాధికారులు సరియైన చిరునామాలను కార్యాలయపు నోటీసు బోర్డుపై పెద్ద అక్షరములతో వ్రాయించినచో, రైతులు మోసపోకుండ కాపాడినవారగుదురు.