బాంబర్లు నిలిచిన కాంక్రీటు మీద సివిక్ పరుగు

నెబ్రాస్కా రాజధాని లింకన్‌లో, విమానాశ్రయానికి పడమటి పక్కన ఎయిర్‌పార్క్ అనే చోటుంది. చూడబోతే అక్కడ ఏమీ లేదు. చెట్టు లేదు, గట్టు లేదు, కాసేపు నీడకు నిలబడదామంటే గోడైనా లేదు. కనుచూపు మేరా కాంక్రీటు, అతుకుల్లో మొలిచిన గడ్డి, ఆపకుండా వీచే గాలి. ఏ టూరిస్టూ ఫొటో దిగని ఈ మైదానానికి ఏటా సెప్టెంబరు మొదట్లో అమెరికా నలుమూలల నుంచి వెయ్యిమందికి పైగా డ్రైవర్లు వస్తారు. ఆ ‘ఏమీ లేకపోవడం’ కోసమే వస్తారు. అదుపు తప్పిన కారు గుద్దుకోవడానికి ఇక్కడ ఏమీ ఉండదు మరి.

ఇంత కాంక్రీటు ఊరికే పోయలేదు. 1942లో, రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా, సైన్యం ఇక్కడ ఎయిర్‌ఫీల్డ్ కట్టి విమానాల మెకానిక్కులకు శిక్షణ ఇచ్చింది. తర్వాత సోవియట్ యూనియన్‌తో ప్రచ్ఛన్నయుద్ధం ముదిరాక ఇదే లింకన్ వైమానిక స్థావరమైంది. ఆరు జెట్ ఇంజన్ల బి-47 బాంబర్లు, గాల్లోనే వాటికి ఇంధనం పోసే ట్యాంకర్లు బారులు తీరి నిలబడేవి. ఆ బరువుకు కుంగని నేల కావాలి కదా. 1966లో స్థావరం మూసేశారు. సైన్యం వెళ్లిపోయింది, కాంక్రీటు మిగిలింది. పక్కనున్న రన్‌వే దాదాపు 13 వేల అడుగులు. స్పేస్ షటిల్ అత్యవసరంగా దిగాల్సి వస్తే పనికొచ్చే చోట్లలో దీన్నీ లెక్కేసుకునేవారు.

స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా 1944లో పుట్టింది. ఎస్‌సీసీఏ అంటారు. ఆ క్లబ్బు ‘సోలో’ పేరుతో నడిపే ఆటోక్రాస్ జాతీయ పోటీలు 1973లో మొదలై ఏళ్ల తరబడి పక్క రాష్ట్రం కాన్సస్‌లో జరిగాయి. 2009లో లింకన్‌కు మారాయి. కోవిడ్ ఏడాది తప్ప అప్పట్నుంచీ ఈ ఆటకు ఇదే తిరునాళ్ల చోటు.

ఆట సూత్రం సులువు. ఖాళీ మైదానంలో నారింజరంగు కోన్లతో వంకర దారి పరుస్తారు. ఒకసారికి ఒక్కో కారును వదులుతారు. పక్కన పోటీ కారు ఉండదు, పోటీ గడియారంతోనే. ఒక చుట్టు నిమిషం అటూఇటూ. వేగం కూడా భయపెట్టేంత కాదు, చాలా కార్లు రెండో గేరులోనే ఉండి గంటకు వంద కిలోమీటర్ల దగ్గర ఆగుతాయి. హైవే మీద ఇంటిల్లిపాదీ కూర్చుని వెళ్లే వేగమే. కాకపోతే ఆ వేగంతో మలుపు తిరగాలి, మళ్లీ తిరగాలి, ఊపిరి తీసుకునేలోపు ఇంకోటి. కాలాన్ని సెకనులో వెయ్యోవంతు దాకా కొలుస్తారు. కోను పడితే రెండు సెకన్లు జరిమానా. ప్రతి కోను చుట్టూ నేల మీద గీత గీసి ఉంటుంది. కోను కదిలినా, నిలబడే ఉండి అడుగు గీతను ఏమాత్రం తాకుతున్నా తప్పు లేదు. గీత పూర్తిగా దాటిందో, పడిపోయిందో, జరిమానా తప్పదు. దారి తప్పితే ఆ చుట్టు లెక్కలోకే రాదు.

2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ కార్లు తిరిగితే హైదరాబాద్ ముచ్చటపడి చూసింది. ఆ సీట్లో కూర్చోవాలంటే చిన్నప్పటినుంచీ కార్టింగ్, వెనక స్పాన్సర్లు, కోట్ల ఖర్చు. లింకన్‌లో అడిగేది లైసెన్సు, హెల్మెట్టు, నిన్న కూరగాయలు తెచ్చిన కారు. అక్కడికి ఎనభై కిలోమీటర్ల దూరంలోని ఒమాహాలో బీమా, రైల్వే, చెల్లింపుల కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. వాళ్ల గరాజుల్లో ఉన్న సివిక్, కరోలాలు ఈ ఆటకు నిక్షేపంగా పనికొస్తాయి. మినీవ్యానూ, ఎత్తయిన ఎస్‌యూవీ మాత్రం ఇంటి దగ్గరే ఉండాలి. ఎత్తుకు తగిన వెడల్పు లేని బండి గట్టి మలుపులో బోల్తాపడే ప్రమాదం ఉంది కనుక నిర్వాహకులు రానివ్వరు.

మొదటిసారి వచ్చేవాళ్లు జాతీయ పోటీలతో మొదలుపెట్టనక్కర్లేదు. స్థానిక క్లబ్బుల వారాంతపు పోటీలు వసంతం నుంచి ఆకురాలే కాలం దాకా ఉంటాయి. పొద్దున్నే వెళ్లాలి. మొదటి పని డిక్కీ ఖాళీ చేయడం. బియ్యం బస్తా, పిల్లల సీటు, మడత కుర్చీలు, కాళ్ల కింద దొర్లే నీళ్ల సీసా, ఆఖరికి అద్దానికి వేలాడే దేవుడి బొమ్మ కూడా దిగాల్సిందే. తర్వాత తనిఖీ. చక్రాల నట్లు బిగువుగా ఉన్నాయా, బ్యాటరీ కదులుతోందా, బ్రేకు తొక్కితే గట్టిగా నిలుస్తోందా, ఆయిల్ కారుతోందా చూస్తారు. హెల్మెట్టుకు స్నెల్ భద్రతా ముద్ర లాంటి గుర్తింపు ఉండాలి, షాపులో దొరికే ప్రతిదీ చెల్లదు. చాలా క్లబ్బులు ఆ పూటకు అరువిస్తాయి కాబట్టి ముందే కొనే తొందర వద్దు.

అసలు పాఠం కారెక్కక ముందే మొదలవుతుంది. కోన్ల మధ్య నడవాలి. ఒకటికి రెండుసార్లు, వీలైతే మూడు. నిలబడి చూస్తే అది దారిలా కనిపించదు, ఎవరో నారింజపళ్ల బుట్ట బోర్లించినట్టు ఉంటుంది. నిలబెట్టిన కోను పక్కన ఇంకోటి పడుకోబెట్టి ఉంటే, దాని మొన ఎటు చూపిస్తే అటువైపు నుంచి నిలబెట్టినదాన్ని దాటాలని లెక్క. ఇది తెలియక తొలి చుట్టులోనే దారి తప్పేవాళ్లు బోలెడు. వంగి, డ్రైవరు సీటు ఎత్తుకు కళ్లు దించి చూస్తే దారి మరోలా కనిపిస్తుంది. పాతకాపులు అందుకే మధ్యమధ్య గొంతుక్కూర్చుని కనిపిస్తారు.

ఇక స్లాలమ్. వరసగా నిలబెట్టిన కోన్లను కుడీఎడమలుగా పాములా దాటాలి. కొత్తవాడు కోను దగ్గరికొచ్చాక స్టీరింగు తిప్పుతాడు. ఆలస్యమైపోతుంది, తర్వాతి కోనుకు మరీ ఆలస్యమవుతుంది, నాలుగోది ఎగిరిపోతుంది. పక్కసీట్లో కూర్చునే శిక్షకుడు పదే పదే చెప్పేది ఒక్కటే: ముందుకు చూడు, ఇంకా ముందుకు చూడు. కోఠీలోనో బెంజ్ సర్కిల్‌లోనో బండి నేర్చినవాళ్లకు ఇది మామూలు కష్టం కాదు. మన చూపు ముందు బంపరు దాటదు. దాటితే స్కూటరు దూరుతుంది. ఏళ్ల తరబడి ప్రాణం కాపాడిన ఆ అలవాటే ఇక్కడ సెకన్లు తినేస్తుంది.

పరిగెత్తడం ఎంతో పనిచేయడమూ అంతే. ఒక బృందం కార్లు నడుపుతుంటే ఇంకో బృందం ఎర్రజెండా, వైర్‌లెస్ సెట్టు, మంటలార్పే సిలిండరుతో కోన్ల దగ్గర నిలబడాలి. పడ్డ కోనును పరుగున వెళ్లి గీతలో నిలబెట్టాలి. డాక్టరైనా, కంపెనీ వైస్ ప్రెసిడెంటైనా మినహాయింపు లేదు. మొదటిసారి వచ్చినవాళ్లు ఎక్కువ నేర్చుకునేది ఈ ఎండలోనే అని నా నమ్మకం. ఎవరు ఎక్కడ బ్రేకు వేశారో, ఎవరి టైర్లు ఎక్కడ అరిచాయో ఇంత దగ్గర్నుంచి ఇంకెక్కడా కనిపించదు.

రెండోసారికే కారుకు ఏదో ఒకటి బిగించాలని చేతులు దురదపెడతాయి. ఆపుకోవాలి. స్ట్రీట్ అనే తరగతుల్లో మార్పులకు ఎలాగూ హద్దులున్నాయి. మంచి షాక్ అబ్జార్బర్లు, బ్రేకు ప్యాడ్లు, ఇంకొన్ని చిన్నాచితకా మాత్రమే. టైర్లు కూడా రోడ్డు మీద తిరిగేవే అయ్యుండాలి. తొలి ఏడాది చేయాల్సింది టైర్లలో గాలి సరిచూసుకోవడం. టైరు అంచున సుద్దముక్కతో గీసి, చుట్టు అయ్యాక ఆ గీత ఎంతవరకు చెరిగిందో చూస్తే గాలి చాలిందో లేదో తెలుస్తుంది. పైసా ఖర్చు లేని పరికరం. మన దేశంలోనూ మోటార్ క్రీడల సమాఖ్య ఎఫ్‌ఎమ్‌ఎస్‌సీఐ పర్యవేక్షణలో ఆటోక్రాస్ జరుగుతుంది, కాకపోతే ఎక్కువగా మట్టి మీద. అక్కడి లెక్కలు వేరు. లింకన్ కాంక్రీటు టైరును గట్టిగా పట్టుకుంటుంది, తారు మీద అలవాటైన డ్రైవర్లే ఆ పట్టుకు మొదట తికమకపడతారు.

సెప్టెంబరు పోటీల్లో తూర్పు, పడమర అని రెండు దారులు పరుస్తారు. రోజుకొకటి, ఒక్కోదానిలో మూడు చుట్లు. రెండింటిలోనూ ఉత్తమ సమయాలు కలిపి విజేతను తేలుస్తారు. రెండు నిమిషాల మొత్తంలో సెకనులో పదోవంతుకూడా లేని తేడాతో ట్రోఫీ చేజారినవాళ్లున్నారు. ఒకే కారును ఇద్దరు నడపడానికీ ఇక్కడ వీలుంది. మొదటివాళ్లు దిగగానే టైర్లమీద నీళ్లు చల్లి చల్లబరుస్తారు, రెండోవాళ్లు ఎక్కుతారు. చాలా జంటలు ఇలాగే వస్తాయి. అదే బండి, అవే టైర్లు, అదే దారి. భార్య సమయం ముప్పావు సెకను తక్కువని బోర్డు మీద పడ్డాక, కారు సరిగా లేదనడానికి మొగుడికి ఏ దారీ ఉండదు.