ఎంబసీ కిటికీ వెనక ఎవరుంటారు?



శుక్రవారం క్యాంపుల్లో కలిసినప్పుడల్లా మీరు అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, ఎంబసీకి పోతే నిజంగా పని అయితదా?" అవుననీ కాదనీ ఒక్క మాటలో చెప్పలేను. అక్కడ పనిచేసే వాళ్లెవరు, ఎవరి చేతిలో ఏముంది అనేది తెలిస్తే మీకే అర్థమవుతుంది. మనం ఖతార్‌లో ఉన్నాం కాబట్టి ఇక్కడి సంగతే చెబుతా.

మొదట ఆఫీసర్లు. వీళ్లు ఇండియా నుంచి వచ్చిన దౌత్యాధికారులు. కొన్నేళ్లు పనిచేసి బదిలీ మీద వెళ్లిపోతారు. దోహా ఎంబసీలో కార్మికుల సమస్యలు చూసే విభాగం వేరుగా ఉంది. వీళ్లు పోలీసులు కారు, జడ్జీలూ కారు. 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం ప్రకారం తమ దేశస్థుల తరఫున మాట్లాడవచ్చు, ఉత్తరం రాయవచ్చు, జైల్లో ఉన్నవాళ్లను కలవవచ్చు. అయితే ఇక్కడి చట్టాన్ని దాటకూడదు. అందుకే మీ కంపెనీ మీద హుకుం జారీ చేయలేరు. కంపెనీకి ఫోన్ చేస్తారు, మందూబ్‌ను పిలిపించి మాట్లాడతారు, లేబర్ మినిస్ట్రీకి రాస్తారు. జీతం బకాయి మీద తీర్పు చెప్పేది మాత్రం 2018 నుంచి నడుస్తున్న కార్మిక వివాదాల కమిటీయే.

ఒక మాట గుర్తుపెట్టుకోండి. పోలీసులు పట్టుకుంటే "మా ఎంబసీకి చెప్పండి" అని మీ నోటితో మీరే అడగాలి. అడిగితే వాళ్లు కబురు పెట్టాల్సిందేనని ఆ ఒప్పందంలో 36వ ఆర్టికల్ చెబుతుంది.

రెండోది లోకల్ స్టాఫ్. కిటికీ దగ్గర కూర్చునేవాళ్లు, అరబీ కాగితాలు చదివి పెట్టేవాళ్లు. మీ గోడు మొదట వినేది వీళ్లే. ఒక్కొక్కరి ముందూ పెద్ద లైనుంటుంది. అందుకని ఏజెంటు చేసిన మోసం దగ్గర మొదలుపెట్టకండి. కంపెనీ పేరు, పనిలో చేరిన తేదీ, ఎన్ని నెలల జీతం రావాలి, ముందు ఈ మూడూ చెప్పండి. మిగతాది తర్వాత.

మూడోది వాలంటీర్లు. ఐసీబీఎఫ్, అంటే ఇండియన్ కమ్యూనిటీ బెనెవొలెంట్ ఫోరం, 1984లో మొదలైంది. ఎంబసీ ఆధ్వర్యంలో నడిచే, లాభాపేక్ష లేని సంస్థ. ఇందులో పనిచేసేవాళ్లు పగలు తమ ఉద్యోగం చేసుకుని, డ్యూటీ దిగాక ఆస్పత్రికో జైలుకో వెళ్తారు. మనవాళ్లెవరైనా చనిపోతే శవాన్ని ఊరికి పంపే కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. నేనూ బీకాం చదివి ఒక ఆఫీసులో లెక్కలు రాసుకునేవాణ్ణే, సాయంత్రాలు ఈ పనికి. మాకు జీతం లేదు, అధికారమూ లేదు. "ఎంబసీలో నాకు తెలిసినోళ్లున్నారు, రెండొందల రియాళ్లియ్యి" అని ఎవడైనా అంటే వాడు వాలంటీర్ కాదు, దళారి.

మరి టికెట్టుకు, ఆస్పత్రికి, శవం పంపడానికి ఎంబసీ దగ్గర డబ్బెక్కడిది? 2009లో పెట్టిన సంక్షేమ నిధి ఉంది. పాస్‌పోర్టు లాంటి పనులకు వెళ్లినప్పుడు ఫీజుతో పాటు మన దగ్గర తీసుకునే చిన్న మొత్తమే అందులో చేరుతుంది. కాబట్టి అర్హత ఉంటే అడగడానికి మొహమాటం వద్దు, అది బిచ్చం కాదు. అయితే మీ జీతం బాకీ అందులోంచి ఇవ్వరు.

ఒకే కంపెనీలో నాలుగు నెలల జీతం ఆగిన ఇద్దరు తమ్ముళ్ల సంగతి చెబుతా. ఒకడు బ్యాంకు మెసేజీలు, టైమ్ షీట్ ఫోటోలు పట్టుకుని, పని మానకుండానే ఎంబసీకి వచ్చాడు. కేసు కమిటీకి వెళ్లింది, బకాయి చేతికొచ్చింది. రెండోవాడు కోపంతో కల్లివెల్లి అయ్యాడు. కంపెనీ పరారీ కేసు పెట్టింది. ఆ తర్వాత మేమెంత తిరిగినా ముందు ఆ కేసు తేలాలన్నారు, జీతం మాట వెనక్కి పోయింది. ఇద్దరికీ అన్యాయం ఒక్కటే జరిగింది. తేడా అంతా కాగితాల్లో, వచ్చిన సమయంలో ఉంది.

ఇళ్లలో పనిచేసే అక్కలకు గడప దాటడమే కష్టమని తెలుసు. 2015లో మొదలైన 'మదద్' పోర్టల్‌లో మీ తరఫున ఊళ్లో ఇంటివాళ్లు కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోమనండి. దెబ్బలు, ప్రాణభయం ఉంటే మాత్రం కాగితాల కోసం ఆగొద్దు, ముందు బయటపడి పోలీసులకో ఎంబసీకో చేరండి.

ఈ రాత్రే పాస్‌పోర్టు, ఐడీ, కాంట్రాక్టు ఫోటోలు తీసి ఊళ్లో ఒకరికి పంపండి. మీ కోసం మాట్లాడేవాళ్లకు బలం ఆ కాగితాలే.