మీకు తెలుసా? పాస్తా పచ్చడికి బస్తర్ పప్పు

• ఫలూదాలో, షర్బత్‌లో వేసే సబ్జా గింజలు బేసిల్ మొక్కవే. కుండీలో చల్లితే మొలుస్తాయి. ఇటలీ రకంతో పోలిస్తే వాసనలో కొంచెం తేడా ఉంటుంది. పూజ చేసే తులసి మాత్రం వేరు, దాని ఘాటు పాస్తా పచ్చడికి నప్పదు.

• పాస్తాలో కలిపే ఈ బేసిల్ పచ్చడి ‘పెస్టో’ పుట్టిల్లు ఇటలీలోని జెనోవా. అక్కడ పాలరాతి రోట్లో చెక్క రోకలితో నూరుతారు.

• అందులో వేసే చిల్గోజా లాంటి పైన్ గింజలు ఖరీదెక్కువ. వాటి బదులు వాడేందుకు రాయ్‌పూర్ వాసులకు చేరువలో ఉన్నది సారపప్పు. అక్కడ దాన్ని ‘చిరోంజీ’ అంటారు. బస్తర్, జశ్‌పూర్ అడవుల్లో వేసవిలో కాసే మొర్రిపండ్ల గింజలను పగలగొట్టి తీస్తారు.

• ఇంట్లో ఇలా: రెండు చెంచాల సారపప్పును సన్నసెగపై దోరగా వేయించి చల్లార్చాలి. ఒక వెల్లుల్లి రెబ్బ, కాస్త ఉప్పుతో నూరాలి. రెండు గుప్పెళ్ల బేసిల్ ఆకులు వేసి మెదపాలి. తురిమిన పార్మెజాన్ చీజ్, నాలుగు పెద్ద చెంచాల ఆలివ్ నూనె కలపాలి.

• ఆకు నలిగి గాలి తగిలితే నల్లబడుతుంది, మిక్సీ వేడి దాన్ని ఇంకా పెంచుతుంది. జార్‌ను ముందుగా ఫ్రిజ్‌లో పెట్టి, ఆగి ఆగి తిప్పండి.

• ఈ పచ్చడిని పొయ్యి మీద పెట్టకూడదు. దించేసిన పాస్తాలో, అది ఉడికిన గంజి రెండు చెంచాలు పోసి కలిపితే చాలు.