క్లీన్‌రూమ్‌లో కరెంటు లెక్క: అపోహలు – వాస్తవాలు

గాలిలోని ధూళి కణాల సంఖ్య ఒక హద్దు దాటకుండా కాపాడే గదే క్లీన్‌రూమ్. పరవాడ ఫార్మా సిటీలో మందులు, జీనోమ్ వ్యాలీలో టీకాలు తయారయ్యేది ఇలాంటి గదుల్లోనే. మంగళగిరి, గుంటూరు ఆసుపత్రుల ఆపరేషన్ థియేటర్లకూ దాదాపు ఇదే ఏర్పాటు కావాలి. వీటిలో కరెంటును ఎక్కువగా మింగేది గాలిని చల్లబరచి, వడగట్టి, తిప్పే వ్యవస్థ. ఆ ఖర్చును సాటి ప్లాంట్లతోనో, సొంత పాత లెక్కలతోనో పోల్చి చూడటమే ఎనర్జీ బెంచ్‌మార్కింగ్.

అపోహ: బిల్లును విస్తీర్ణంతో భాగిస్తే ఎవరు పొదుపరో తేలిపోతుంది.

వాస్తవం: గుంటూరు, చిలకలూరిపేట వైపు నూలు మిల్లుల సంగతి తెలిసినవారు ఈ మాట ఒప్పుకోరు. కిలో నూలుకు ఎన్ని యూనిట్లు కాలాయన్నది మిల్లుల్లో మామూలు లెక్కే. అయినా సన్న నూలు తీసే మిల్లును ముతక నూలు మిల్లుతో నేరుగా పోల్చరు. ముందు రెండింటినీ 40వ కౌంటుకు (కౌంటు అంటే నూలు సన్నదనపు కొలత) సరిచేస్తారు. క్లీన్‌రూమ్‌లోనూ అంతే. ఐఎస్‌ఓ 7 శుభ్రతా తరగతి గదిలో అర మైక్రాన్, అంతకు మించిన కణాలు ఘనపు మీటరుకు 3,52,000 దాటకూడదు. ఐఎస్‌ఓ 8లో 35,20,000 దాకా ఉండొచ్చు. తరగతి మారితే కావలసిన గాలీ మారుతుంది. అందుకే వెయ్యి సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) గాలికి ఫ్యాన్ ఎన్ని కిలోవాట్లు తీసుకుంటోంది, టన్ను చల్లదనానికి చిల్లర్ ఎంత తీసుకుంటోంది అని విడివిడిగా చూడాలి.

అపోహ: గాలి ఎంత ఎక్కువ తిప్పితే గది అంత శుభ్రం.

వాస్తవం: అన్నిటికన్నా మొండి అపోహ ఇదే, ఖరీదైనదీ ఇదే. ఐఎస్‌ఓ 14644-1 కణాల పరిమితి చెబుతుందే తప్ప గంటకు ఎన్ని ఎయిర్ చేంజెస్ (గది గాలి మొత్తం మారడం) ఉండాలో చెప్పదు. అమెరికా ఎఫ్‌డీఏ 2004 మార్గదర్శకాల ప్రకారం స్టెరైల్ (సూక్ష్మజీవి రహిత) మందుల ప్లాంట్లలోని ఐఎస్‌ఓ 8 సహాయక గదులకు సాధారణంగా కనీసం 20 ఉంటే చాలు. తనిఖీ భయంతో డిజైనర్ కొంత, కాంట్రాక్టర్ కొంత కలుపుకుంటూ పోతే అంకె పెరిగిపోతుంది. తగ్గించే సాహసం ఎవరూ చేయరు. గాలి 20 శాతం తగ్గితే ఫ్యాన్ కరెంటు సిద్ధాంతరీత్యా దాదాపు సగమవుతుంది. దీనికో పద్ధతి ఉంది. సన్నని కణాలను ఆపే హెపా ఫిల్టర్ కింద బాలోమీటర్ పెట్టి అసలు గాలి ఎంతో కొలుస్తారు. వీఎఫ్‌డీతో (మోటారు వేగాన్ని మార్చే పరికరం) ఫ్యాన్ వేగాన్ని మెట్టు మెట్టుగా దించుతూ, ప్రతి మెట్టులో కణాలు లెక్కిస్తారు, గోడమీది ప్రెషర్ గేజ్ ముల్లు చూస్తారు. క్వాలిటీ విభాగం సంతకం లేకుండా ఇందులో ఏదీ చేయకూడదు.

అపోహ: పని లేని రాత్రుల్లోనూ ఏహెచ్‌యూ (గాలిని చల్లబరచి తిప్పే యంత్రం) పూర్తి వేగంతో తిరగాల్సిందే.

వాస్తవం: పక్క గదితో పీడన తేడా నిలిచి, కణాలు హద్దులో ఉన్నాయని వాలిడేషన్‌లో (ధ్రువీకరణ పరీక్షల్లో) తేలితే చాలా గదుల్లో వేగం తగ్గించవచ్చు. స్టెరైల్ ఫిల్లింగ్ గదుల విషయం వేరు, అక్కడ తొందరపాటు పనికిరాదు.

అపోహ: చలిదేశాల ప్లాంట్ల అంకెలే మనకూ కొలబద్ద.

వాస్తవం: కృష్ణా తీరపు ఉక్కలో లెక్క మారిపోతుంది. గది 22 డిగ్రీల వద్ద, 50 శాతం తేమతో ఉండాలంటే గాలిని సుమారు 11 డిగ్రీలకు దించి నీటిని రాల్చాలి. అవసరాన్ని బట్టి ఆ గాలిని మళ్లీ వేడి చేయాలి. అంటే చల్లబరచడానికీ, వేడి చేయడానికీ రెండుసార్లు ఖర్చు. మందుకు 55 శాతం తేమ సరిపోయే చోట 45కు సెట్ చేయడం, అవసరానికి మించి బయటి గాలి లాగడం ఇక్కడ పెద్ద దుబారాలు. వాతావరణాన్ని బట్టి ఖర్చు మారుతుంది కాబట్టి ఆగస్టు యూనిట్లను గత ఆగస్టుతోనే పోల్చాలి, జనవరితో కాదు.