రిపోర్టులో అన్నీ నార్మలే, మరి లివర్ సంగతి?

పోయిన ఎపిసోడ్ విన్నాక, ఆ లివర్ లెక్క రాసి పెట్టమని చాలామంది అడిగారు. డ్యూటీలో వింటూ అంకెలు గుర్తుపెట్టుకోవడం కష్టమే. అందుకే ఇక్కడ పెడుతున్నా.

మా రూము షర్క్‌లో. రాయచోటి తమ్ముడొకడు మాతోనే ఉంటాడు. డ్రైవరు, 42 ఏళ్లు. మందు ముట్టడు, పొట్ట మాత్రం పెరిగింది. స్కాన్‌లో ఫ్యాటీ లివర్ అని వచ్చింది. రక్తం రిపోర్టులో మాత్రం అన్నీ హద్దుల్లోనే ఉన్నాయి. "అన్నీ నార్మలే అన్నా. వచ్చే నెల సెలవుకు పోతున్నా, మళ్ళీ డాక్టరుకు దీనార్లు ఎందుకు?" అన్నాడు.

ఏఎల్‌టీ, ఏఎస్‌టీ లివర్ కణాల్లో ఉండే ఎంజైములు. కణాలు దెబ్బతింటే రక్తంలోకి వస్తాయి. కానీ ఫ్యాటీ లివర్ ఉన్న చాలామందిలో ఇవి నార్మల్‌గానే ఉంటాయి, లోపల మచ్చలు పడుతున్నా సరే. మచ్చలు ముదిరేకొద్దీ ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. అందుకే వీటన్నిటినీ వయసుతో కలిపి చూస్తారు. దాని పేరు ఫిబ్-4.

ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి:

1. వయసును ఏఎస్‌టీతో గుణించండి. తమ్ముడిది 42 × 38 = 1596.
2. ఏఎల్‌టీకి వర్గమూలం తీసి, ప్లేట్‌లెట్లతో గుణించండి. అతని ఏఎల్‌టీ 36, వర్గమూలం 6. ప్లేట్‌లెట్లు 165. 6 × 165 = 990.
3. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 1.61 వచ్చింది.

మన ఊరి రిపోర్టుల్లో ఏఎస్‌టీని ఎస్‌జీఓటీ అని, ఏఎల్‌టీని ఎస్‌జీపీటీ అని రాస్తారు. ప్లేట్‌లెట్లు 1,65,000 అని ఉంటే 165 తీసుకోండి.

1.3 కన్నా తక్కువైతే ముదిరిన మచ్చలు ఉండే అవకాశం తక్కువ. 65 దాటినవాళ్లకు ఆ హద్దు 2. అంతకు మించితే డాక్టరును ఫైబ్రోస్కాన్ గురించి అడగాలి. 2.67 దాటితే అస్సలు ఆలస్యం చేయొద్దు. 35 ఏళ్లలోపు వాళ్లకు ఈ లెక్క సరిగ్గా పనిచేయదు. ఇది జబ్బు తేల్చేది కాదు, ఎవరు ముందు డాక్టరు దగ్గరికి పోవాలో చెప్పేది.

షుగరు, కొవ్వు అంకెలూ చూసుకోండి. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 అయితే షుగరు గుమ్మంలో ఉన్నట్టు, 6.5 నుంచి షుగరే. ట్రైగ్లిజరైడ్లు 150 లోపు ఉండాలి. రిపోర్టు మిల్లీమోల్స్‌లో ఉంటే 1.7 లోపు. నడుము మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు.

ఇది మన ఒక్కరి బాధ కాదు. హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల మీద చేసిన ఒక అధ్యయనం 2025లో వచ్చింది. 345 మందిలో 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు ఎక్కువగా ఉంది. గంటలకొద్దీ కూర్చునే పని, వేళ తప్పిన నిద్ర మన డ్రైవర్లకూ ఉన్నవే కదా.

బరువు 7 నుంచి 10 శాతం తగ్గితే లివర్ బాగా కోలుకుంటుంది. 80 కిలోల మనిషికి అది 6 నుంచి 8 కిలోలు. ముందు కూల్‌డ్రింకులు, చాయ్‌లో చక్కెర మానండి. అన్నం, ఖుబూస్ తగ్గించి పప్పు, కూర, చేప పెంచండి. లివర్ టానిక్ అని ఎవరో ఇచ్చిన పసరులు మాత్రం తాగొద్దు, కొన్ని లివర్‌నే పాడుచేస్తాయి.

తమ్ముడు ఫైబ్రోస్కాన్ చేయించుకున్నాడు. మచ్చలు మొదలయ్యాయి కానీ ముదరలేదన్నారు. ఇప్పుడు సాయంత్రం చల్లబడ్డాక ఇద్దరం గల్ఫ్ రోడ్డు మీద నడుస్తున్నాం. ఊరి డాక్టరుకు చూపించడానికి ఆ కాగితం బ్యాగులో పెట్టుకున్నాడు. మీ పాత రిపోర్టు కూడా ఒకసారి బయటికి తీయండి.