అప్పటికి ఎంతసేపటి సంది?

2020 మే 29న మర్కూక్ పంపుహౌస్‌లో మోటర్లు తిరిగి గోదావరి నీళ్లు కొండపోచమ్మ సాగర్‌లో పడ్డాయి. పదిహేను టీఎంసీల జలాశయం అది. దానికి పెట్టిన పేరు మా జగదేవ్‌పూర్ మండలం తీగుల్ నర్సాపూర్‌లో వెలసిన కొండపోచమ్మ తల్లిది. ఆ రోజు ఏమైందో ఇంగ్లీషులో చెప్పమంటే మా బడి పిల్లలు తడుముకోకుండా చెప్తారు: 'ద వాటర్ కేమ్ ఇన్ 2020'. ఆ నీళ్లు వచ్చేనాటికి మన రైతులు ఎన్నేండ్ల సంది బోర్లను నమ్ముకొని ఎవుసం చేస్తుండిరో చెప్పమంటే మాత్రం క్లాసు మొత్తం నిశ్శబ్దమైపోతుంది. సంగతి వాళ్లకు తెలుసు. తాతల నోట చిన్నప్పటి నుంచి వింటున్నదే. దాన్ని చెప్పడానికి ఇంగ్లీషులో ఒక ప్రత్యేకమైన క్రియారూపం ఉంది, దాని పేరు పాస్ట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్ టెన్స్.

నేను ఈ మండలంలోనే ప్రభుత్వ బడిలో ఇంగ్లీషు చెప్తాను. ఈ టెన్స్ పేరు వినగానే పిల్లలే కాదు, తల్లిదండ్రులు కూడా జంకడం చూస్తుంటాను. పేరు పొడుగే గాని లోపల ఉన్నవి మూడే ముక్కలు: 'హ్యాడ్', 'బీన్', ఆ తర్వాత 'ఇంగ్'తో ముగిసే క్రియ. నేనైనా, నువ్వైనా, ఆమె అయినా, ఊరంతా అయినా ఆ 'హ్యాడ్' మారదు. వర్తమానంలో 'హి గోస్', 'దే గో' అంటూ పెట్టే తిప్పలు ఇక్కడ లేవు. రూపం సంగతి చూస్తే దీనంత సులువైనది ఇంగ్లీషులో అరుదు. దాన్ని ఎప్పుడు వాడాలన్న దగ్గరే చిక్కంతా.

ఆ చిక్కును పెంచినవి మన గైడ్లు. 'ఇట్ హ్యాడ్ బీన్ రెయినింగ్' అన్నదానికి 'వాన కురియుచునే ఉండియుండెను' అని అర్థం రాస్తారు. అట్లా మాట్లాడే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. అర్థం కాని ఇంగ్లీషుకు అర్థం కాని తెలుగును జత చేస్తే పిల్లవాడు చేయగలిగింది బట్టీ పట్టడమే. పన్నెండు గళ్ల టెన్స్ పట్టిక గీసి, భూతకాలం వరుసలో నాలుగో గడి ఇదని చూపించి, సూత్రం అప్పజెప్పించుకోవడం మన బళ్లలో ఎన్నో ఏండ్లుగా నడుస్తున్న పద్ధతి. 1930లలో వచ్చిన రెన్ అండ్ మార్టిన్ గ్రామరు పుస్తకం చలవతో టెన్సుల చదువు దేశమంతా ఇంటింటికీ చేరింది. ఆ పుస్తకం రాసిన ఇద్దరిలో ఒకరైన పి.సి.రెన్ మన దేశంలో విద్యాశాఖలో పనిచేసినవాడే, 'బో జెస్ట్' అన్న నవలతో పేరు పొందినవాడే. పుస్తకం మంచిదే. పట్టికను చూసి మాట్లాడడం మాత్రం ఎవరికీ రాదు.

నాకు అక్కరకొచ్చింది మా పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగు. అది బడిలోకి తేవద్దని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు గనుక ఈ మాట కొంచెం నొక్కి చెప్తాను.

పాఠ్యపుస్తకాల తెలుగులో 'వాళ్లు తింటున్నారు' అన్నది ఇప్పటికీ వాడతాం, గడిచినదానికీ వాడతాం. 'నిన్న నేను వెళ్లేసరికి వాళ్లు తింటున్నారు' అంటే తప్పు లేదు. మా దిక్కు మాటలో ఆ రెండూ వేరు. ఇప్పుడైతే 'తింటున్నరు', అప్పుడైతే 'తింటుండిరి'. నేను చేస్తుంటి, మేము చేస్తుంటిమి, వాడు చేస్తుండె, వాన పడుతుండె. ఇక ఇంగ్లీషు పక్కన పెట్టి చూడండి. 'వాన గంట సంది పడుతున్నది' అంటే ఇప్పటి మాట: 'ఇట్ హ్యాజ్ బీన్ రెయినింగ్ ఫర్ ఎన్ అవర్'. 'నేను ఇల్లు చేరేసరికి వాన గంట సంది పడుతుండె' అంటే అప్పటి మాట: 'ఇట్ హ్యాడ్ బీన్ రెయినింగ్ ఫర్ ఎన్ అవర్ వెన్ ఐ రీచ్‌డ్ హోమ్'. 'సంది' పక్కన 'తున్నది' వస్తే 'హ్యాజ్ బీన్', 'సంది' పక్కన 'తుండె' వస్తే 'హ్యాడ్ బీన్'. క్లాసులో ఈ ఒక్క సంగతి చెప్పాక పిల్లలు గైడు మూసేస్తారు.

ఒక జాగ్రత్త ఉంది. 'తుండె' కనబడ్డ ప్రతిచోటా 'హ్యాడ్ బీన్' పెట్టొద్దు. 'నేను పోయేసరికి వాన పడుతుండె' అన్నప్పుడు ఎంతసేపటి సంది అన్న ఊసు లేదు. అక్కడ 'వాజ్ రెయినింగ్' చాలు. 'మా అవ్వ చిన్నప్పుడు మూడు ఊర్లు దాటి బడికి పోతుండె' అంటే అది అలవాటు, దానికి 'యూజ్డ్ టు' ఉంది. 'సంది' తోడుంటేనే మన టెన్స్.

మా తొమ్మిదో తరగతిలో ఒకరోజు ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిన ముచ్చట ఏదైనా ఒక్క వాక్యంలో చెప్పమన్నాను. వెనక బెంచీ పిల్లవాడు లేచి, 'కరెంటొచ్చేసరికి మా తాత పది గంటల సంది బాయికాడ ఎదురు సూస్తుండె మేడం' అన్నాడు. తెలంగాణలో ఎవుసానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1న మొదలైంది. అంతకుముందు మోటరుకు కరెంటు ఏ అర్ధరాత్రో వచ్చేది. ఈ పిల్లలకు ఆ రాత్రులు కథల్లోనే తెలుసు. వాక్యాన్ని బోర్డు మీద రాసి, ఇంగ్లీషులోకి మార్చమన్నాను. ముందు వరుస అమ్మాయి రాసింది: 'మై గ్రాండ్‌ఫాదర్ హ్యాడ్ బీన్ వెయిటింగ్ ఎట్ ద వెల్ ఫర్ టెన్ అవర్స్ వెన్ ద కరెంట్ కేమ్'. వ్యాకరణం చూస్తే వంక పెట్టడానికి లేదు. పిల్లవాడు మాత్రం ఒప్పుకోలేదు. 'పది గంటలు కాదు మేడం, రాత్రి పది గంటల సంది. కరెంటు ఒంటిగంటకొచ్చింది.'

ఎదురుచూపు మూడు గంటలది. ఇంగ్లీషులో అది పది గంటలదైంది. తప్పు ఆ అమ్మాయిది కాదు. తెలుగులో 'పది గంటల సంది' అన్నా, 'పది గంటల నుంచి' అన్నా రెండు అర్థాలూ వస్తాయి. గడియారంలో పది కొట్టినప్పటి నుంచి అనుకోవచ్చు, పది గంటల పొడుగునా అనుకోవచ్చు. మాట్లాడేటప్పుడు సందర్భం చూసి పోల్చుకుంటాం. ఇంగ్లీషు అక్కడ మనల్ని తేల్చుకోమంటుంది. మొదలైన ఘడియ చెప్తే 'సిన్స్', గడిచిన కాలం పొడుగు చెప్తే 'ఫర్'. ఇద్దరూ కలిసి బోర్డు మీద రెండు వాక్యాలు రాశారు. ఒకదాంట్లో 'సిన్స్ టెన్ ఓ క్లాక్', ఇంకోదాంట్లో 'ఫర్ త్రీ అవర్స్'. రెండూ నిజమే, రెండూ ఒకే రాత్రి మాటలే. మన దగ్గర ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు కూడా 'సిన్స్ టూ ఇయర్స్' అంటారంటే దానికి మూలం ఈ 'నుంచి'లోనే ఉంది. చిన్నప్పుడే ఒకసారి విడమరిచి చూపిస్తే పెద్దయ్యాక దిద్దుకునే పని ఉండదు.

ఇందులో రెండు కాలాలు ఉంటాయన్నది అసలు కీలకం. ఒకటి కరెంటు వచ్చిన ఘడియ. రెండోది దానికి ముందు సాగిన ఎదురుచూపు. ఆ ఘడియ లేకుండా 'మై గ్రాండ్‌ఫాదర్ హ్యాడ్ బీన్ వెయిటింగ్' అని ఆపేస్తే వినేవాడు 'అయితే ఏంది, తర్వాతేమైంది?' అని చూస్తాడు. ఆ రెండో సంగతిని అదే వాక్యంలో చెప్పాలని లేదు. ముందు వాక్యంలో ఉన్నా చాలు, కంటి ముందు కనిపించినా చాలు. 'ఆమె వేళ్ల నిండా గీతలున్నాయి. పొద్దటి సంది పత్తి ఏరుతుండె' అన్నదాన్ని ఇంగ్లీషులో పెట్టండి: 'హర్ ఫింగర్స్ వర్ స్క్రాచ్‌డ్. షి హ్యాడ్ బీన్ పికింగ్ కాటన్ సిన్స్ మార్నింగ్'. గీతలు చూశాం, వాటి వెనక పని ఏందో చెప్పాం. ఈ టెన్స్‌కు ఇంతకంటే చక్కటి వాడుక నాకు కనబడదు. ఒక మనిషి అలసటకు, మడిమల బురదకు, ఎర్రబడ్డ కళ్లకు వెనకున్న కష్టం ఇందులో వినిపిస్తుంది.

పత్తి దగ్గరే ఇంకో తేడా పట్టుకోవచ్చు. కూలి కిలోల లెక్కన ఇస్తారు గనుక సాయంత్రం కాంటా దగ్గర కావలసింది ఎంత ఏరిందన్న లెక్క. అప్పుడు 'షి హ్యాడ్ పిక్‌డ్ ఫార్టీ కిలోస్' అనాలి. 'హ్యాడ్ బీన్ పికింగ్ ఫార్టీ కిలోస్' అనరాదు. ఎంత అయింది, ఎన్ని అయ్యాయి అన్న లెక్కకు పాస్ట్ పర్ఫెక్ట్. ఎంతసేపు సాగింది అన్నదానికి పాస్ట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్.

కొన్ని క్రియలు 'ఇంగ్'కు ఒప్పుకోవు. తెలియడం, నమ్మడం, సొంతంగా కలిగి ఉండడం ఇవన్నీ సాగే పనులు కావు, ఉండే స్థితులు. 'వాళ్ల పెండ్లినాటికి ఐదేండ్ల సంది ఒకరికొకరు తెలుసు' అనాలంటే 'హ్యాడ్ నోన్ ఈచ్ అదర్ ఫర్ ఫైవ్ ఇయర్స్' అంటే చాలు. 'హ్యాడ్ బీన్ నోయింగ్' అన్నది పోటీ పరీక్షల్లో తప్పులు పట్టే ప్రశ్నల్లో ఊరకూరకే వస్తుంది. డీఎస్సీకో బ్యాంకు పరీక్షకో చదివేవాళ్లు ఇంతమటుకు గుర్తు పెట్టుకుంటే ఆ ప్రశ్న దాటేస్తారు.

జ్వరానికి సెలవు చిట్టీలు రాసీ రాసీ 'సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్' అన్నది ప్రతి పిల్లవాడికీ నోటికి వచ్చు. దాన్నే ముందుకు జరిపితే ఆసుపత్రిలో పనికొచ్చే వాక్యం అవుతుంది: 'షి హ్యాడ్ బీన్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ ఫర్ త్రీ డేస్ వెన్ వి బ్రాట్ హర్ హియర్'. డాక్టరు మొదట అడిగేది ఎన్ని రోజుల సంది అనే. ఆ జవాబును బట్టి మందు మారుతుంది, పరీక్షలు మారతాయి. పోలీసు ఫిర్యాదులోనూ అంతే. గొడవ జరిగిన ఘడియకు ముందు ఎవరు ఎంతకాలంగా బెదిరిస్తున్నారన్నది కేసుకు ప్రాణం. ఉద్యోగం ఇంటర్వ్యూలో 'ఇక్కడికి రాకముందు ఏం చేస్తుంటివి?' అని అడిగితే, 'ఐ హ్యాడ్ బీన్ వర్కింగ్ ఇన్ ఎ షాప్ ఫర్ టూ ఇయర్స్ బిఫోర్ ఇట్ క్లోజ్‌డ్' అన్న పిల్ల ఒక్క వాక్యంలో తన కథంతా చెప్పినట్టే. మా పిల్లలకు ఇది మార్కుల కోసమే చెప్పాలని నేను అనుకోను. వాళ్ల అమ్మనాన్నల తరఫున ఎక్కడో ఒకచోట వాళ్లే మాట్లాడాల్సి వస్తుంది.

ఇంకొకరి మాటను మన మాటగా చెప్పేటప్పుడు కూడా ఇది వస్తుంది. 'ఐ హ్యావ్ బీన్ వెయిటింగ్' అని ఆమె అంటే, 'షి సెడ్ షి హ్యాడ్ బీన్ వెయిటింగ్' అని మనం చెప్తాం. దీన్ని రిపోర్టెడ్ స్పీచ్ పాఠంలో ఎట్లాగూ సాధన చేయిస్తారు కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాను.

'బీన్', 'ఇంగ్' జోడీ నిన్నమొన్నటిది కాదు. 14వ శతాబ్దంలో చాసర్ రాసిన కాంటర్‌బరీ కథల్లో, భర్తలను పోగొట్టుకున్న ఆడవాళ్లు ఒక పాలకుణ్ణి ఆపి, పక్షం రోజులుగా గుళ్లో ఎదురుచూస్తున్నామని మొర పెట్టుకుంటారు. అక్కడ వాళ్లు వాడింది 'హ్యావ్ బీన్' రూపం, మన టెన్స్‌కు అక్క. ఎదురుచూపు పొడుగును అధికారంలో ఉన్నవాడి ముందు పెట్టడానికే ఆ రూపం అక్కడ కనిపించడం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది.

2022-23లో ప్రభుత్వ బళ్లలో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు అచ్చువేసిన పుస్తకాలు ఇచ్చారు. అప్పటికి ఎన్నో క్లాసుల సంది తెలుగులో చదువుతున్న పిల్లలు రాత్రికి రాత్రి సామాన్యశాస్త్రం ఇంగ్లీషులో రాయాల్సి వచ్చింది. 'వెన్ ఇంగ్లీష్ మీడియం కేమ్, దే హ్యాడ్ బీన్ స్టడీయింగ్ ఇన్ తెలుగు ఫర్ ఇయర్స్'. వాళ్ల కష్టాన్ని ఉన్నదున్నట్టు చెప్పే వాక్యం ఇది. ఆ పుస్తకంలో తెలుగు పేజీ ఉన్నందుకు నేను సంతోషిస్తాను. పిల్లవాడి నోట ఉన్న తెలుగుకు కూడా క్లాసులో అంతే చోటు ఇవ్వాలని గట్టిగా కోరుకుంటాను.

రాసేటప్పుడు దీన్ని పొదుపుగా వాడాలి. కొత్తగా నేర్చుకున్న ఉత్సాహంలో పేరా అంతా 'హ్యాడ్ బీన్'లతో నింపేస్తారు. వెనకటి సంగతి మొదలుపెట్టేచోట ఒక్కసారి పెడితే చాలు, తర్వాత మామూలు భూతకాలంలో నడిచిపోవచ్చు. ఇక జలాశయం 'కట్టబడుతుండె' అనడానికి 'హ్యాడ్ బీన్ బీయింగ్ బిల్ట్' అని రాస్తారు కొందరు. సూత్రం ప్రకారం అది తప్పు కాదు గాని ఇంగ్లీషువాళ్లు కూడా దాన్ని తప్పించుకుంటారు. 'హ్యాడ్ బీన్ అండర్ కన్‌స్ట్రక్షన్' అంటే పని అయిపోతుంది.

మాట్లాడేటప్పుడు ఇంకో సంగతి. సినిమాల్లో, వార్తల్లో 'హ్యాడ్' నిండుగా వినిపించదు. 'ఐడ్ బీన్ వెయిటింగ్', 'షీడ్ బీన్ వర్కింగ్' అని చివర చిన్న 'డ్'గా కుదించుకుపోతుంది, 'బీన్' కూడా 'బిన్' అవుతుంది. ఆ 'డ్' చెవిన పడకపోతే మన పిల్లలు దాన్ని వదిలేసి 'ఐ బీన్ వెయిటింగ్' అనడం నేర్చుకుంటారు. అందుకే ఈ పాఠం చివర పుస్తకాలు మూయించి నేను వాక్యాలు చదువుతాను. 'డ్' వినిపించినవాళ్లు చెయ్యి లేపాలి.