కియాంటి ద్రాక్షరైతులు - ఊరిపేరు తగవు

ఒక ప్రాంతపు పంటకు మంచి పేరు వచ్చినచో, చుట్టుప్రక్కలవారు తమ సరుకును కూడ ఆ పేరుతోనే అమ్మజూచుట లోకములో కొత్త కాదు. ఇటలీ దేశములో కియాంటి అను కొండప్రాంతపు ద్రాక్షరైతులు ఈ చిక్కుతో మూడు వందల యేండ్లుగా పెనుగులాడుచున్నారు. వారు తయారుచేయునది వైను, అనగా ద్రాక్షసారాయము. మద్యమును పొగడుట ఇక్కడ మా ఉద్దేశము కాదు. పేరుగల పంట పండించు రైతులు తెలిసికొనదగిన సంగతులు ఇందులో ఉన్నవి.

ఫ్లోరెన్సు, సియేనా నగరముల నడుమ ఈ కొండలు కలవు. రాతినేల, పొరలు పొరలుగా విడిపోవు ఒక రాయిని అక్కడివారు గాలెస్ట్రో అందురు. ఇట్టి నేలలో నీరు నిలువదు. సాంజొవేసె అను నల్లద్రాక్షకు ఇది అనువు. ఈ రకము ఆలస్యముగా పండును గనుక మరీ ఎత్తున నాటినచో కాయలోని పులుపు తగ్గదు. అందుచేతనే 700 మీటర్ల ఎత్తుకు పైబడిన తోటలకు ఆ పేరు వాడు హక్కు లేదు.

1716 లో టస్కనీ ప్రభువగు మూడవ కొసిమో దె మెడీచి కియాంటితోపాటు మరి మూడు ప్రాంతములకు ఎల్లలు నిర్ణయించి శాసనము చేసెను. పేరు చెడకుండ ఎల్లలు కట్టిన శాసనములలో ఇది మిక్కిలి పాతది. కాని గిరాకి పెరిగినకొలది బయటి సరుకు కూడ కియాంటి పేరుతోనే అమ్ముడుపోసాగెను. చివరకు 1924 లో 33 మంది ఉత్పత్తిదారులు రాద్దా గ్రామములో సమావేశమై సంఘము కట్టి, నల్ల కోడిపుంజును గుర్తుగా పెట్టుకొనిరి. ఈ పుంజుకు ఒక కథ కలదు. ఫ్లోరెన్సు, సియేనాలు తమ పొలిమేర తగవును కోడికూతతో తీర్చుకొనదలచెనట. కోడి కూయగనే ఇరువైపుల నుండి రౌతులు బయలుదేరి, ఎక్కడ కలిసికొన్న అక్కడ హద్దు. ఫ్లోరెన్సువారు నల్లపుంజును పస్తుపెట్టిరి. అది తెల్లవారకముందే కూసెను!

సంఘము కట్టినను పేరు పూర్తిగా దక్కలేదు. 1932 లో ప్రభుత్వము కియాంటి ఎల్లను పెంచి, దూరపు ప్రాంతములను కూడ అందులో చేర్చెను. అసలు కొండవారికి మిగిలినది తమ పేరు ప్రక్కన ‘క్లాసికో’ అను ఒక్క మాట. ఇది న్యాయమని మాకు తోచదు.

1963 లో ఇటలీలో ప్రాంతనామ రక్షణ చట్టము వచ్చెను. 1967 లో కియాంటికి ఆ రక్షణ లభించెను. అయితే నిబంధనలలో ఒక పొరపాటు జరిగెను. నల్లద్రాక్షతో 10 నుండి 30 శాతము వరకు తెల్లద్రాక్ష కలిపి తీరవలెనని వ్రాసిరి. 1872 లో బెత్తీనో రికాసోలి తెల్లద్రాక్షను త్వరగా వాడు సరుకునకే చెప్పెను. నిలువ ఉంచుదానికి వలదనెను. దానిని అందరికి నిర్బంధము చేయుటతో రాశి పెరిగెను, వాసి తగ్గెను. అంతినోరి కుటుంబము 1971 పంటనుండి తిన్యానెల్లో అను తమ సరుకునకు కియాంటి పేరునే వదలుకొనెను. సాధారణ సారాయమను చీటీతో అమ్మినను దానికి కియాంటికంటె హెచ్చు ధర పలికినది. మేలైన సరుకు పేరు బయట, నాసిరకము పేరులోపల!

దిద్దుబాటుకు చాల కాలము పట్టెను. 1996 లో క్లాసికోకు వేరుగా నిబంధనలు ఏర్పడెను. 2006 పంటనుండి తెల్లద్రాక్ష కలుపరాదనిరి. ఇప్పుడు సాంజొవేసె 80 శాతమునకు తగ్గరాదు. దిగుబడికి కూడ హద్దు కలదు: హెక్టారుకు 7.5 టన్నులు, అనగా ఎకరమునకు 30 క్వింటాళ్లు. హైదరాబాదు చుట్టుప్రక్కల అనాబ్-ఎ-షాహి పందిళ్లలో ఎకరమునకు 100 క్వింటాళ్లకు మించిన కాపు చూచినవారికి ఇది వింతగా తోచవచ్చును. కాపు తగ్గించినగాని రసము చిక్కబడదని వారి లెక్క. ప్రతి తోటయు మన అడంగలు వంటి రిజిస్టరులో ఎక్కవలెను. సరుకును పరీక్షించి, రుచి చూచి, ఒప్పుకొన్న పిదపనే సీసా మెడకు వరుససంఖ్య గల ప్రభుత్వపు పట్టీ అంటింతురు.

మన దేశములో భౌగోళిక గుర్తింపు చట్టము 1999 లో వచ్చి, 2003 నుండి అమలులోనున్నది. బంగినపల్లి మామిడికి 2017 లోను, తాండూరు కందికి 2022 లోను ఈ గుర్తింపు లభించెను. అయితే పంట పేరు నమోదైనంతమాత్రమున పని ముగియలేదు. రైతు అధీకృత వినియోగదారుగా తన పేరును కూడ చెన్నైలోని రిజిస్ట్రీలో విడిగా నమోదు చేయించుకొనవలెను. గుర్తింపు 10 ఏండ్లవరకు చెల్లును. గడువు తీరకముందే తిరిగి రుసుము కట్టి పొడిగించుకొనవలెను.